కుక్కపిల్ల ఖరీదు కాదు, నెల తిండి చూడు

అనంతపురం

అల్లుడూ,

నువ్వు గ్రేట్ డేన్ అనే పెద్ద జాతి కుక్కపిల్లను తెస్తానంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. కుక్కలంటే నీకెంత ప్రాణమో నాకు తెలుసు, అందుకే వద్దనడం లేదు. కానీ నువ్వు పిల్ల ఖరీదు ఒక్కటే చూస్తున్నావు. అది ఒక్కసారి ఇచ్చేది. తిండి మాత్రం ఏడెనిమిదేళ్లు, పదేళ్లు నెలనెలా పెట్టాలి.

మా భైరవుడు జర్మన్ షెపర్డ్, 35 కిలోలు తూగేవాడు. అంత కుక్కకు రోజుకు సుమారు 450 గ్రాముల డాగ్ ఫుడ్ కావాలి. నెలకు 13 కిలోల పైమాటే. కిలో 300 వేసుకున్నా 4,000 రూపాయలు. నీ గ్రేట్ డేన్ 60 కిలోలకు పెరిగితే రోజుకు 700 గ్రాములు, అదే లెక్కన నెలకు 6,300. నులిపురుగుల మాత్రలు కూడా బరువును బట్టే వేయాలి. పిల్లే కదా, ఇప్పుడే అంత ఖర్చేముంటుందిలే అనుకోకు. ఎదిగే నెలల్లో ఒక్కోసారి పెద్ద కుక్క కంటే ఎక్కువే తింటుంది.

ఇంట్లో సంగటి ఉంటుంది కదా మామా అంటావు. నేనూ అట్లే అనుకున్నా. రాగి సంగటిలో పెరుగు కలిపి పెడితే గిన్నె అడుగు దాకా నాకేవాడు. కడుపు నిండేది గానీ కండ పట్టలేదు. అది చూసి నేను ఇంకో తప్పు చేశా. ఎముక గట్టిపడాలని, ఎవర్నీ అడక్కుండా రోజూ కాల్షియం టానిక్ పోశా. ఆరో నెలలో ఒక పొద్దున వాకిట్లో నిలబడి ఉంటే చూశా: ముందు కాళ్లు కీలు దగ్గర వంగి, పాదాలు బయటికి తిరిగి ఉన్నాయి. పశువుల డాక్టరు ఆ కీళ్లు తడిమి చూసి, పెద్ద జాతి పిల్లకు కాల్షియం ఎక్కువైనా, బరువు తొందరగా పెరిగినా ఎముకకే దెబ్బ అన్నాడు. మందులు వాడినా కాళ్లు పూర్తిగా సరికాలేదు. వాడు మెట్లెక్కేటప్పుడల్లా నా ప్రాణం చివుక్కుమనేది.

అందుకని ఏడాదిన్నర దాకా పెద్ద జాతి పిల్లల కోసం చేసే డాగ్ ఫుడ్డే పెట్టు, కాల్షియం విడిగా వద్దు. కాటా మీద తూచి పెట్టు. చేత్తో తడిమితే పక్కటెముకలు తగలాలి, అది సరైన ఒళ్లు. పెద్దయ్యాక ఉడికించిన కోడిమాంసం ఎముకలు తీసేసి కలుపు, కలిపినంత డాగ్ ఫుడ్ తగ్గించు. మిగిలిన కూరలు మాత్రం పెట్టొద్దు, ఉల్లి, వెల్లుల్లి కుక్కకు విషం. మన ఇళ్లలో శెనక్కాయలకు కొదవ లేదు గదా, బూజు పట్టినవి దాని నోటికి అందనీయకు, కాలేయం పాడైపోతుంది.

ఇంకొకటి. గ్రేట్ డేన్‌కు ఒకేసారి గిన్నెడు పెట్టకు, రెండు మూడు పూటలుగా పంచు. తిన్న వెంటనే పరుగెత్తనీయకు. పొట్ట ఉబ్బి మెలిపడితే గంటల్లో ప్రాణం పోతుంది.

ఇప్పుడే పిల్లను తేకు. ఈ నెల నుంచి మూడు నెలలు, జీతం పడగానే 6,500 తీసి మీ అమ్మ చేతికివ్వు. మధ్యలో అడక్కుండా ఉండగలిగితే నాకు ఫోన్ చెయ్యి, పిల్లను చూడ్డానికి ఇద్దరం కలిసే పోదాం.

మీ మామ