గుర్రపుడెక్క మళ్లీ మళ్లీ ఎందుకొస్తోంది?

ప్రశ్న: మా ఊరి చెరువులో నాలుగు ఆదివారాలుగా ఇరవై మందిమి శ్రమదానం చేసి గుర్రపుడెక్క తీస్తున్నాం. తీసిన చోటే మళ్లీ పచ్చగా అల్లుకుంటోంది. ఇదంతా వృథాయేనా?
– ఒక పాఠకుడు, జనగామ జిల్లా

జవాబు: వృథా కాదండీ. కానీ తీసిందాన్ని ఎక్కడ వేస్తున్నారో మీరు రాయలేదు. చెరువు పనులు చూసే రోజుల్లో నేను దాన్ని గట్టు వాలులోనే కుప్ప పోయించాను. రెండు వానలకు కుప్పంతా జారి చెరువులోకే పోయింది! మా కూలీల ముఖం చూడలేకపోయాను.

ఒక మొక్కను పైకెత్తి చూడండి. మొదలు నుంచి ఒక తీగ పాకి, దాని కొసన పిల్లమొక్క ఉంటుంది. తీగ తెగి నీళ్లలో పడితే అదో కొత్త సంసారం. అందుకే నరకొద్దు. తాడు చుట్టి ఒడ్డుకు లాగి, పిల్లమొక్కలతో సహా ఎత్తి, వాననీళ్లు చెరువులోకి పారని చోట ఎండబెట్టండి. తర్వాత పేడ కలిపి మాగబెడితే ఎరువే.

విత్తనాలు బురదలో ఏళ్ల తరబడి బతికుంటాయి కాబట్టి ఒక్క వేసవితో తీరదు. అసలు మేత మాత్రం మురుగు. ఊరి కాల్వ చెరువులో కలుస్తుంటే మీ ఇరవై మందీ ఒక ఆదివారం చెరువు మానేసి పంచాయతీకి వెళ్లండి, అదే ఎక్కువ పని చేస్తుంది.

వానాకాలంలో జకానా పక్షులు (పొడవాటి కాలివేళ్లతో నీటి ఆకుల మీద నడిచేవి) తేలే ఆకుల మీదే గుడ్లు పెడతాయి. కనబడితే ఆ మేర వదిలేయండి. ఈత రానివాళ్లను మాత్రం నీళ్లలోకి దించకండి.