తొడ వెనక కండరం గురించి పెద్దమ్మ రాసేది

కన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. సీజన్‌కి ముందు దొరికిన ఈ రెండున్నర నెలల్లో నువ్వు తొడ వెనక కండరాలకి కసరత్తు మొదలుపెడుతున్నావని చెప్పింది. నీ వయసులో నాకు ఆ ఆలోచనే రాలేదురా. బౌలింగ్ వేస్తూ ఉంటే కాళ్లు వాటంతటవే గట్టిపడతాయనుకునేవాళ్లం. 18 ఏళ్లకే నీకు ఆ బుద్ధి పుట్టిందని పొంగిపోయాను. అంతలో మీ అమ్మ మాటల మధ్యలో, "పోయిన సీజన్ చివర్లో వీడికి ఎడమ తొడ వెనక నరం పట్టింది అక్కా, రెండు వారాలు ఊరుకుంటే అదే పోయింది" అంది. ఆ ఒక్క మాటతో నాకు నిద్ర పట్టలేదు. తెల్లారకముందే లేచి ఇది రాస్తున్నాను.

అది నరం కాదు నాన్నా, కండరం. నరమైతే నొప్పి నడుము నుంచో పిర్ర నుంచో కిందికి జివ్వున లాగుతుంది, కాలు తిమ్మిరెక్కుతుంది. అలాంటిదేమైనా ఉంటే కసరత్తు జోలికి పోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లు. పరుగు మధ్యలో ఉన్నట్టుండి తొడ వెనక ఒకచోట పట్టేసిందంటే చాలావరకు అది హ్యామ్‌స్ట్రింగే. నిజానికి అవి మూడు కండరాలు. మనం కూర్చున్నప్పుడు కింద ఆనే ఎముక ఉంటుంది చూడు, అక్కడ పుట్టి, తొడ వెనకగా దిగి, మోకాలు దాటి అతుక్కుంటాయి. పరుగులో ఎక్కువగా దెబ్బతినేది బయటి వైపున ఉండే బైసెప్స్ ఫిమోరిస్.

అది ఎప్పుడు తెగుతుందో తెలిస్తే ఏ కసరత్తు చెయ్యాలో నీకే అర్థమవుతుంది. నేలని తన్నేటప్పుడు తెగుతుందని నేను చాలాకాలం అనుకున్నాను. కాదు. పూర్తి వేగంలో కాలు ముందుకి విసిరి, పాదం నేలని తాకబోయే ముందు ఒక్క క్షణం ఉంటుందే, అప్పుడు. ముందుకి దూసుకుపోతున్న కాలిని ఈ కండరం వెనక్కి పట్టి ఆపాలి. బావిలోకి నిండు బొక్కెన దించడం ఊహించుకో. తాడు చేతిలోంచి జారుతూనే ఉండాలి, చెయ్యి మాత్రం పట్టు వదలకూడదు. కండరం కూడా అలాగే, ఒకపక్క సాగుతూ, ఇంకోపక్క బిగిసి ఉండాలి. ఆ పట్టు చాలకపోతేనే పోగులు తెగుతాయి. పైగా నువ్వు కుడిచేతి ఫాస్ట్ బౌలర్‌వి. బంతి వదిలేటప్పుడు ఎడమ కాలు కర్రలా నిటారుగా దిగుతుంది, ఒళ్లంతా దాని మీదుగా ముందుకి వంగుతుంది. ఆ కాలి వెనక కండరం తుంటి దగ్గరా మోకాలి దగ్గరా ఒకేసారి సాగుతుంది. నీకు పట్టింది కూడా ఎడమ కాలే. అందుకే నా భయం.

నా 24వ ఏట సంగతి నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. మోకాలు పాడై ఆట మానేశానని ఇంట్లో అందరూ అనుకుంటారు. మోకాలు కాదు.

లాంగాన్‌లో, అంటే బౌలర్ వెనక బౌండరీ దగ్గర, ఫీల్డింగ్ చేస్తున్నాను. చాలాసేపటి నుంచి బంతి అటు రాలేదు, ఒళ్లు చల్లబడిపోయింది. ఉన్నట్టుండి బంతి నాకు పక్కగా బౌండరీ వైపు వెళ్తుంటే దాని వెంట పడ్డాను. పట్టుమని పదడుగులు కూడా వేసుండను, ఎడమ తొడ వెనక ఎవరో రాయి పెట్టి కొట్టినట్టయింది. ఎవరు కొట్టారా అని నిజంగానే వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు.

రెండు రోజులు కుంటుతూ నడిచాను. ఐదో రోజుకి మామూలుగా నడిచాను. పదో రోజుకి మెట్లెక్కాను. రెండు వారాలకి మెల్లగా జాగింగ్ కూడా చేశాను, నొప్పి లేదు. ఆ రోజుల్లో నేను చేసిందల్లా విశ్రాంతి తీసుకోవడం, కాలు చాపి సాగదీసుకోవడం. బలం కోసం ఒక్క కసరత్తు చెయ్యలేదు. పూర్తి వేగంతో ఒక్కసారి కూడా పరుగెత్తి చూసుకోలేదు. తీరిక లేక కాదు, భయపడి. పరుగెత్తితే ఏం బయటపడుతుందో లోపల నాకు తెలుసు.

18వ రోజున సెమీఫైనల్. పొద్దున కెప్టెన్ అడిగింది, "ఆడగలవా, నిజం చెప్పు" అని. "నూటికి నూరు శాతం" అన్నాను. నేను కాదంటే కొత్త బంతి అందుకోవాల్సిన పిల్ల అక్కడే నిలబడి ఉంది. ఆ పిల్లకి అప్పటికి 17 ఏళ్లు. రెండు వారాలుగా నెట్స్‌లో ఆ మ్యాచ్ కోసమే వేస్తోంది. నా మాట విని, ఏమీ అనకుండా షూ లేసులు విప్పుకుంది.

నాలుగు ఓవర్లు వేశాను. అడుగు కుదించి, వేగం తగ్గించి వేశాను, ఎవరూ కనిపెట్టలేదు. ఆఖర్లో బ్యాటింగ్‌కి దిగాను. రెండో పరుగుకి పిలిచింది నేనే. క్రీజ్‌లో బ్యాట్ పెట్టి, వంగి, తిరిగి, మూడో అడుగు వేశాను. ఈసారి చప్పుడు నాకే వినిపించింది. పిచ్ మధ్యలో పడిపోయాను. వికెట్లు పడ్డాయి, మ్యాచ్ పోయింది. నా చెయ్యి తన భుజాన వేసుకుని నన్ను బౌండరీ దాకా నడిపించుకొచ్చింది ఆ 17 ఏళ్ల పిల్లే. దారిలో ఒక్క మాట కూడా అనలేదు. ఆ మౌనం ఇప్పటికీ నా చెవిలో ఉందిరా.

ఐదు నెలలు పట్టింది. తిరిగొచ్చాను గానీ నా వేగం తిరిగి రాలేదు. మరో రెండేళ్లు లాగి మానేశాను.

అప్పుడు నాకు వైద్యం చేసినావిడ ఒక పరీక్ష పెట్టింది. నువ్వు ఇవాళే చెయ్. వెల్లకిలా పడుకుని, మోకాలు కాస్త మాత్రమే వంచి, ఒక మడమని సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తున్న పెట్టె మీదో బల్ల మీదో ఆనించు. రెండో కాలు గాల్లో ఉంచు. మడమతో నొక్కి నడుము పైకి లేపు, దించు, మళ్లీ లేపు. ఎన్నిసార్లు సరిగ్గా చెయ్యగలవో లెక్కపెట్టు. నాకు కుడికాలు 27 వచ్చింది, ఎడమకాలు 9. నొప్పి పోయి అప్పటికి నెల దాటింది! విశ్రాంతికి నొప్పి పోతుంది, పోయిన బలం రాదు. తొడ వెనక కండరం మళ్లీ తెగడానికి అన్నిటికన్నా పెద్ద కారణం, అది అంతకుముందు ఒకసారి తెగి ఉండటమే. రెండు కాళ్ల మధ్య తేడా బాగా కనిపిస్తే ఫిజియోకి చూపించకుండా మిగతావేవీ మొదలుపెట్టకు. ఈ ఒక్క మాట విను నాన్నా, మిగిలినవి నీ ఇష్టం.

ఇక అసలు కసరత్తు. ఫోన్‌లో వీడియోలు చూసి రోజుకి వంద నార్డిక్‌లు చేస్తానన్నావట. చేశావంటే వచ్చి చెవి మెలిపెడతాను. నార్డిక్ మంచిదే, అన్నిటికన్నా ముందు అదే చెయ్యమంటాను. ఫుట్‌బాల్ లాంటి పరుగు ఆటల్లో దాన్ని క్రమంగా చేసినవాళ్లలో ఈ గాయాలు దాదాపు సగానికి తగ్గాయని పరిశోధనలు చెప్తున్నాయి. కారణం బొక్కెన లెక్కే. నార్డిక్ ఎలా చెయ్యాలంటే, మోకాళ్ల కింద మెత్తగా ఏదైనా వేసుకుని మోకాళ్ల మీద నిలబడు. వెనక ఎవరైనా నీ చీలమండలు నేలకి అదిమి పట్టుకోవాలి. మోకాలి నుంచి తల దాకా ఒళ్లు ఒకే గీతలా ఉంచి, మెల్లగా ముందుకి వాలు. నడుము దగ్గర మడత పడకూడదు, అందరూ చేసే తప్పు అదే. ఎంతవరకు ఆపగలవో అంతవరకు ఆపు, ఇక ఆగనప్పుడు చేతుల మీద పడు. చేతులతో తోసుకునే పైకి రా. దీనిలో పనంతా కిందికి వాలడంలోనే ఉంది.

మొదటి వారం ఒక్కరోజే, ఐదేసి చొప్పున రెండు సెట్లు. రెండో వారం రెండు రోజులు, ఆరేసి చొప్పున రెండు సెట్లు. మూడో వారం మూడు రోజులు, మూడు సెట్లు, ఒక్కో దాంట్లో ఆరు నుంచి ఎనిమిది. నాలుగో వారం కూడా అలాగే, ఒక్కో దాంట్లో ఎనిమిది నుంచి పది. ఐదో వారం నుంచి పదో వారం దాకా మూడు సెట్లలో వరసగా 12, 10, 8. ఆ తర్వాత సీజన్ అంతా వారానికి ఒక్కసారి. ఇంత తక్కువతో మొదలుపెట్టమంటున్నానని నవ్వకు. మొదటి రెండు వారాలు రెండు తొడలూ ఎలా పట్టేస్తాయంటే, కుర్చీలో కూర్చోవడానికి కూడా ఆలోచిస్తావు. ఎక్కువ చేసినవాళ్లు ఆ నొప్పికి జడిసి మూడో రోజే మానేస్తారు. రెండు కాళ్లూ సమానంగా సలుపుతూ మూడు రోజుల్లో తగ్గితే అది కసరత్తు నొప్పి. ఒకే కాలిలో, ఒకేచోట, వేలు పెట్టి చూపించగలిగేట్టుంటే అది వేరు. ఆ రోజు ఆపెయ్.

నార్డిక్‌లు ప్రాక్టీస్ అయ్యాక చెయ్యి, ముందు కాదు. మ్యాచ్‌కి ముందు రెండు రోజులు అసలొద్దు.

మోకాలి దగ్గర మాత్రమే బలం పెరిగితే చాలదు, తుంటి దగ్గర కూడా కావాలి. దానికి రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ చెయ్, అంటే నిలబడి, మోకాళ్లు కాస్త మాత్రమే వంచి, తుంటి దగ్గర ముందుకి వంగి మళ్లీ లేవడం. మొదట ఉత్త చేతులతో, తర్వాత కొద్ది బరువుతో, వీపు నిటారుగా ఉంచి. ఒంటికాలి మీద అదే చేస్తే నీ బౌలింగ్‌కి ఇంకా మంచిది. వామప్ సంగతి నీకు తెలుసు. నిద్ర సంగతి మీ అమ్మకి తెలుసు.

పరుగు మాత్రం మానకు. కసరత్తులు చేస్తున్నాం కదా అని స్ప్రింట్లు వదిలేసి, సీజన్ మొదటి మ్యాచ్‌లో ఒక్కసారిగా దూకేవాళ్లని ఎంతమందినో చూశాను. పూర్తి వేగానికి కాలిని అలవాటు చేసేది పూర్తి వేగమే. వారానికి రెండుసార్లు చాలు. మొదటి వారాల్లో నీ వేగంలో 60, 70 శాతం, తర్వాత 80, ఆపైన 90, చివరికి నిండుగా. ఒక్కో పరుగు 30 మీటర్లు, మధ్యలో బాగా విశ్రాంతి. ఆఖరి వారాల్లో బ్యాట్ పట్టుకుని వంగి తిరిగే పరుగులు కూడా చేర్చు. నేను పడిపోయింది అక్కడే.

నీకు హనుమ విహారి ఇన్నింగ్స్ అంటే ప్రాణమని తెలుసు. 2021 జనవరిలో ఆస్ట్రేలియాతో సిడ్నీ టెస్టు, ఆఖరి రోజు. తొడ వెనక కండరం పట్టేసినా 161 బంతులు ఆడి 23 పరుగులతో నాటౌట్‌గా మ్యాచ్ ఓడకుండా డ్రాగా నిలబెట్టాడు. అటువైపు అశ్విన్ నడుం నొప్పితోనే ఆడుతున్నాడు. నేనూ కళ్లనీళ్లతో చూశాను. కానీ విహారి తన గాయం ఎవరి దగ్గరా దాచలేదు కన్నా. ఆ కాలితో ఏం చెయ్యలేడో తెలుసుకుని, చెయ్యగలిగింది చేశాడు. తర్వాతి బ్రిస్బేన్ టెస్టు ఆడలేకపోయాడు. ఆ ధైర్యాన్ని ప్రేమించు. కోచ్ అడిగినప్పుడు "ఏం లేదు సార్" అనడానికి మాత్రం దాన్ని వాడుకోకు. పోయిన సీజన్‌లో నీకు పట్టేసిన సంగతి కోచ్‌కి చెప్పలేదట కదా? అమ్మే చెప్పింది. నేను కోప్పడటం లేదు. ఇవాళ వెళ్లి చెప్పు.

పరీక్ష అయ్యాక రెండు కాళ్ల లెక్కలూ ఒక కాగితం మీద రాసి నాకు ఫోటో పంపు. ఎడమ ఎంత వచ్చినా దాన్ని పెంచి రాయకు, నాకు తెలిసిపోతుంది. ఫిజియో సరేనన్నాకే మొదటి నార్డిక్. చీలమండలు పట్టుకోవడానికి మీ అమ్మ సరిపోదు. నువ్వు ముందుకి వాలగానే పడిపోతావేమోనని భయపడి చేతులు వదిలేస్తుంది. ఈ శనివారం నేనే వస్తున్నాను. నేను పట్టుకుంటాను.

మీ పెద్దమ్మ