కుర్చీని ఉంచుకో, పక్కనే బంతికీ చోటివ్వు

చిట్టీ,

నడుం నొప్పికి విసిగిపోయి ఆఫీసు కుర్చీ తీసేద్దామనుకుంటున్నావనీ, రోజంతా పెద్ద ఎక్సర్‌సైజ్ బాల్ మీదే కూర్చుని పని చేస్తానంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. కొనే ముందు పెద్దమ్మని ఒక మాట అడగాలని నీకు తోచింది, చాలా సంతోషం. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బంతి కొనుక్కో. కుర్చీని మాత్రం తీసెయ్యకు.

30 ఏళ్లకు పైగా ఫిజియోథెరపీ చేసినదాన్ని కదా, ఈ బంతితో మేలు పొందినవాళ్లని చూశాను, దీనివల్లే నొప్పి పెంచుకుని వచ్చినవాళ్లనీ చూశాను. ఇద్దరి దగ్గరా ఉన్నది అదే బంతి. మేలు పొందినవాళ్లు కాసేపు కూర్చుని లేచేవాళ్లు. నొప్పి పెంచుకున్నవాళ్లు పొద్దున ఎక్కి సాయంత్రం దిగేవాళ్లు. నేనూ ఒకప్పుడు ఆ రెండో పనే చేశాను. పేషెంట్ల రిపోర్టులు రాసుకునే బల్ల దగ్గర కుర్చీ తీసేసి బంతి పెట్టుకున్నాను. మొదటి రెండు రోజులు వీపు నిటారుగా, హాయిగా ఉంది. నాలుగో రోజుకి మధ్యాహ్నం అయ్యేసరికి భుజాల మధ్య మంట, నడుం దగ్గర బరువు. అద్దంలో పక్కనుంచి చూసుకుంటే, కుర్చీలో కన్నా ఎక్కువ వంగిపోయి ఉన్నాను. కండరాలు అలిసిపోయాక బంతి మీద నిటారుగా కూర్చోవడం ఎవరి వల్లా కాదు. కుర్చీలో అయితే వెనక్కి చేరబడొచ్చు. బంతికి వీపు లేదు, చేతులూ లేవు.

అసలు ఈ బంతి ఆఫీసు కోసం పుట్టలేదు. 1963లో ఇటలీలో అక్విలీనో కోసాని అనే ప్లాస్టిక్ వస్తువుల తయారీదారు దీన్ని తయారుచేశాడు. స్విట్జర్లాండ్‌లో పనిచేసిన మేరీ క్వింటన్ అనే బ్రిటిష్ ఫిజియోథెరపిస్టు పసిపిల్లల చికిత్సలో వాడింది. బాసెల్ నగరంలో సుసాన్ క్లైన్‌-ఫోగెల్‌బాఖ్ తన చికిత్సా పద్ధతిలో దీన్ని చేర్చింది. అక్కడ చూసి వెళ్లిన అమెరికా ఫిజియోథెరపిస్టులు దీన్ని స్విస్ బాల్ అనడం మొదలుపెట్టారు. ఇదంతా నీకెందుకు చెబుతున్నానంటే, చికిత్సలో దీన్ని వాడేది కాసేపే, పక్కన చూసుకునే మనిషి ఉండగా, ఒక ఫలానా కదలిక కోసం. ఎనిమిది గంటలు దాని మీద కూర్చోబెట్టాలని అక్కడ ఎవరూ అనుకోరు.

నీ నొప్పి సంగతి చూద్దాం. చాలామంది కుర్చీదే తప్పంటారు. కదలకుండా ఒకే తీరుగా గంటలకొద్దీ ఉండిపోవడమే అసలు బాధ అని నేను నమ్ముతాను. వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులకు పెద్దయ్యాక సొంత రక్తనాళాలు దాదాపు ఉండవు. చుట్టుపక్కల నుంచి ఊరి వచ్చే ద్రవమే వాటికి ఆహారం. మనం కదిలినప్పుడు, లేచి నడిచినప్పుడు వాటిమీద బరువు పడుతూ తగ్గుతూ ఉంటుంది, ఆ ద్రవం లోపలికీ బయటికీ కదులుతుంది. కదలకపోతే కండరాలూ పట్టేస్తాయి. బంతి నిన్ను కొంచెం కదిలిస్తుంది, దాని విలువ అక్కడే ఉంది. కానీ ఆ కదలిక ఎంత?

దీన్ని కొలిచి చూసినవాళ్లున్నారు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో స్టూవర్ట్ మెక్‌గిల్ బృందం 2006లో బంతినీ మామూలు ఆసనాన్నీ పోల్చింది. కండరాలు పనిచేసే తీరులో గానీ, వెన్ను మీద పడే బరువులో గానీ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. పైగా బంతి మెత్తగా లోపలికి దిగడం వల్ల తొడల కింద ఎక్కువ భాగం దానికి ఆని ఒత్తుకుంటుందని తేలింది. 2009లో నెదర్లాండ్స్ పరిశోధకులు కొందరు ఆడవాళ్లతో బంతి మీదా, ఆఫీసు కుర్చీలోనూ కంప్యూటర్ పని చేయించారు. బంతి మీద మొండెం కదలిక మూడో వంతు దాకా పెరిగింది, అది మంచిదే. దానితోపాటు వెన్ను కుంచించుకోవడం, అంటే బరువుకి నొక్కుకుని దాని పొడవు రవ్వంత తగ్గడం, కూడా ఎక్కువే కనపడింది. ఇక బరువు తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మకు. కుర్చీతో పోలిస్తే బంతి మీద గంటకు అదనంగా ఖర్చయ్యేది దాదాపు 4 కేలరీలు. మెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగితే అంతకన్నా ఎక్కువే పోతాయి.

అందుకని ముందు నీ కుర్చీని సరిచేసుకో. పాదాలు రెండూ పూర్తిగా నేలకి ఆనాలి, నడుం వంపు దగ్గర ఆసరా ఉండాలి. ఆసరా లేకపోతే చిన్న తువ్వాలు చుట్టి అక్కడ పెట్టుకో. స్క్రీన్ పై అంచు నీ కళ్ల ఎత్తులో గానీ, కొంచెం కిందగా గానీ ఉండాలి. దూరం చెయ్యి చాపినంత. నువ్వు ల్యాప్‌టాప్ మీద పని చేస్తావు కదా, అసలు గొడవ అక్కడే ఉందని నాకు గట్టి అనుమానం. ల్యాప్‌టాప్‌ని బల్ల మీద అలాగే ఉంచితే కుర్చీలోనైనా బంతి మీదైనా మెడ వంగక తప్పదు. దాని కింద నాలుగు లావుపాటి పుస్తకాలు పెట్టి పైకి లేపు, కీబోర్డూ మౌసూ విడిగా తెచ్చుకో. నా మాట విని ముందు ఈ పని చెయ్, వారం రోజులు చూడు. సగం నొప్పి దీనితోనే తగ్గినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

ఇప్పుడు బంతి. నీ ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు కాబట్టి 55 సెంటీమీటర్ల బంతి సరిపోవాలి. 5 అడుగుల 6 అంగుళాలు దాటినవాళ్లకి మామూలుగా 65, ఆరడుగులు దాటిన పొడవాటి మనుషులకి 75 చెబుతారు. ఈ లెక్కలు చాలావరకు వ్యాయామం కోసం వేసినవి, బల్ల ఎత్తు వాటికి తెలియదు. అందుకని టేపు తీసుకుని, సరిగ్గా కుదిరిన నీ కుర్చీ సీటు నేల నుంచి ఎంత ఎత్తుందో కొలువు. నువ్వు కూర్చుని బంతి అణిగాక నీ ఆసనం ఆ ఎత్తుకే రావాలి. తొడలు నేలకి సమాంతరంగా గానీ, మోకాళ్లు తుంటికన్నా రవ్వంత కిందికి గానీ ఉంటే సరిగ్గా ఉన్నట్టు. మోకాళ్లు తుంటికన్నా పైకి లేస్తే నడుం గుండ్రంగా వంగిపోతుంది, నీకు వద్దన్నదే జరుగుతుంది.

పెట్టె మీద యాంటీ-బర్స్ట్ అని ఉందో లేదో చూడు. అలాంటి బంతికి చిల్లు పడితే టపాకాయలా పేలకుండా మెల్లగా గాలి దిగుతుంది. అది మోయగల బరువు ఎంతో కూడా రాసి ఉంటుంది, చదువు. కింద చక్రాలూ వెనక వీపూ ఉన్న బంతి కుర్చీలు కూడా దొరుకుతాయి. నాకవి పెద్దగా నచ్చలేదు. బంతి కదలనప్పుడు ఇక బంతి ఎందుకు? దొర్లిపోకుండా కింద పెట్టే రింగు మాత్రం మంచిదే, కొత్తలో వాడుకో.

తెచ్చిన రోజే నిండా గాలి కొట్టకు. ముందు 80 శాతం దాకా కొట్టి, బిరడా పెట్టి, ఒక రోజు అలా వదిలెయ్. ప్లాస్టిక్ సాగి కుదురుకుంటుంది. మర్నాడు మిగతాది కొట్టు. ఎంత కొట్టాలో తెలియాలంటే గోడ మీద నేల నుంచి 55 సెంటీమీటర్ల దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టు, బంతిని గోడకి ఆనించి దాని మీద ఒక అట్ట అడ్డంగా ఉంచు. అట్ట గీతకి తగిలితే చాలు, అంతకు మించి కొట్టొద్దు. కొత్తలో ఇంకొంచెం మెత్తగానే ఉంచుకో. మెత్తటి బంతి తక్కువ దొర్లుతుంది. గట్టిపడేకొద్దీ కుదురు తగ్గుతుంది. రెండు మూడు వారాలకోసారి అదే గీత దగ్గర మళ్లీ కొలువు. ఎండ తగిలే కిటికీ దగ్గర, హీటర్ పక్కన పెట్టకు. నేల మీద పిన్నులు, స్టేపుల్ ముక్కలు లేకుండా ఊడ్చుకో. వెనక జేబులో తాళాలుంటే తీసి బల్ల మీద పెట్టాకే కూర్చో.

కూర్చునేటప్పుడూ లేచేటప్పుడూ ఒక చెయ్యి బంతి మీద ఉండాలి. ఇది చాదస్తం అనుకోకు చిట్టీ. నా దగ్గరికొచ్చిన ఒకావిడ బంతి మీద నుంచే పక్కకి వంగి, కింద పడ్డ పెన్ను తీయబోయింది. బంతి వెనక్కి జారింది, చెయ్యి ఆనించబోయి మణికట్టు విరగ్గొట్టుకుంది. నెలల తరబడి ఆ చేతికి వ్యాయామాలు చేయించాను. కింద పడ్డది ఏదైనా సరే, లేచి నిలబడి తీసుకో. అడుగు సొరుగు తెరవాలన్నా అంతే.

బంతికి నట్టనడుమ కూర్చో. పాదాలు తుంటి వెడల్పులో, మడమలు నేలకి ఆని ఉండాలి. మోచేతులు ఒంటికి దగ్గరగా, ఇంచుమించు లంబకోణంలో వంగి ఉండాలి. బంతికి చేతులు లేవు కాబట్టి కీబోర్డుని బాగా దగ్గరికి లాక్కో, లేకపోతే భుజాలు బరువు మోసి మోసి చెవుల దాకా లేస్తాయి.

ఎంతసేపు అన్నదే నేను గట్టిగా చెప్పదలచుకున్న సంగతి. మొదటి వారం రోజుకి రెండుసార్లు, ఒక్కోసారి 10 నిమిషాలు. నొప్పి ఏమీ పెరగకపోతే రెండో వారం 20 నిమిషాలు. ఆ తర్వాత కూడా ఒక్కసారికి అరగంట దాటొద్దు. ఫోన్లో అలారం పెట్టుకో, మోగగానే దిగు, నాలుగడుగులు నడిచి కుర్చీలోకి వెళ్లు. అలారం మోగకముందే వీపు కూలబడుతున్నట్టు అనిపిస్తే అప్పుడే దిగిపో. బంతి మీద ఏ పని చేస్తావన్నదీ చూసుకోవాలి. ఫోన్ మాట్లాడటం, మీటింగులో వినడం, మెయిళ్లు చదవడం దీనికి బాగుంటాయి. మౌస్ పట్టుకుని సన్నటి పని చేసేటప్పుడూ, డెడ్‌లైన్ టెన్షన్‌లో ఉన్నప్పుడూ కుర్చీలోనే ఉండు. టెన్షన్‌లో ఉంటే ఒంటి సంగతి మనకి గుర్తుండదు.

ఆ పది నిమిషాలూ బొమ్మలా కూర్చోకు. తుంటిని మెల్లగా ముందుకీ వెనక్కీ వంచు, పక్కలకి ఊపు, చిన్న సున్నాలు చుట్టు. ఒక మడమ ఎత్తి దించు, తర్వాత రెండోది. అంతా చిన్న చిన్నగానే, పక్కవాళ్లకి తెలియనంతగా. పని అయ్యాక ఇంటి దగ్గర బంతితో చేసే అసలు వ్యాయామాలు వేరే ఉన్నాయి, నడుముకి ఎక్కువ బలాన్నిచ్చేవి అవే. అవి రాసి చెప్పేవి కావు, నువ్వు వచ్చినప్పుడు దగ్గరుండి చేయిస్తాను.

ఆఫీసులో ముందు అనుమతి అడుగు. వద్దంటే వాదించకు, వాళ్ల భయంలోనూ అర్థముంది. నడిచే దారిలోకి దొర్లి ఎవరి కాళ్లకైనా అడ్డం పడితే బాధ్యత వాళ్లది కదా. బ్రిటన్‌లో 1992లో వచ్చిన కంప్యూటర్ పని నియమాలు కుర్చీ స్థిరంగా ఉండాలనీ, వీపు భాగం సర్దుకునేలా ఉండాలనీ చెబుతాయి. బంతి ఆ రెండింటికీ సరిపోదు. ఆఫీసులో కుదరకపోతే ఇంటి నుంచి పని చేసే రోజుల్లో వాడుకో.

ఎముకలు గుల్లబారినవాళ్లు, కళ్లు తిరిగే జబ్బు ఉన్నవాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్ని అడగకుండా దీని జోలికి వెళ్లకూడదు. నీ బంతి చూసి మీ అమ్మ కూడా సరదాపడి ఎక్కుతుందేమో, వద్దని చెప్పు. బీపీ మందు వేసుకున్నాక తనకి ఒక్కోసారి తల తిరుగుతుంది.

ఇంకొకటి, ఇది జాగ్రత్తగా విను. నొప్పి పిరుదు దాటి కాల్లోకి దిగినా, పాదంలో తిమ్మిరి వచ్చినా, కాలు పట్టు తప్పుతున్నట్టున్నా బంతి పక్కన పెట్టి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లు. కూర్చునే చోట మొద్దుబారినా, మూత్రం మీద అదుపు తప్పినా ఒక్క గంట కూడా ఆగకు, నేరుగా ఆసుపత్రికి పో.

మీ అమ్మతో కబురు పంపకుండా నువ్వే నాకు రాయి. రోజులో ఏ వేళకి నొప్పి మొదలవుతోంది, కూర్చున్నప్పుడు ఎక్కువా లేచేటప్పుడు ఎక్కువా, సెలవు రోజు కూడా ఉంటోందా? నువ్వు పనిలో మునిగి ఉండగా పక్కనుంచి ఒక ఫోటో తీయమని ఎవరికైనా చెప్పు, నీకు తెలియకుండా తీయాలి. తెలిస్తే నిటారుగా సర్దుకుంటావు. అది పంపితే, నీ కుర్చీ ఎత్తు ఎంత మార్చాలో చూసి చెబుతాను.

ప్రేమతో,
మీ పెద్దమ్మ