దిగులు కోడలిదైతే ఇంటిల్లిపాదినీ ఎందుకు పిలుస్తారు?

కోడలికి దిగులైతే ఫ్యామిలీ థెరపీలో (ఇంటివాళ్లందరితో కలిపి మాట్లాడి చేసే మానసిక చికిత్సలో) అత్తనీ భర్తనీ కూడా కూర్చోబెట్టడం దేనికని ఒకరు అడిగారు. థెరపిస్టు వెతికేది తప్పెవరిదని కాదు, ఇంట్లో ఏ తంతు మళ్లీ మళ్లీ తిరుగుతోందని.

ముందు మూడు తరాల జెనోగ్రామ్, అంటే ఇంట్లోవాళ్ల బంధాల్ని చూపే వంశవృక్షం లాంటి బొమ్మ, గీస్తారు: మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం, తగువులకి వంకరటింకర గీత, మేనరికానికి జంట గీత. మేనమామని చేసుకున్న ఇంట్లో అమ్మమ్మే అత్తగారు. ఆ రెండు వరసలూ గీయకపోతే అసలు చిక్కు కనబడదు.

తర్వాత ఇద్దరి సంగతి మూడో మనిషిని అడుగుతారు: "మీ అమ్మ అలిగితే మీ ఆవిడ ఏం చేస్తుంది? అప్పుడు మీరో?" ఇటలీలోని మిలాన్‌కి చెందిన ఫ్యామిలీ థెరపిస్టుల బృందం 1980లో వివరించిన పద్ధతిది. జవాబు చెప్పేముందు ఎవరు ఎవరి మొహం చూశారో కూడా రాసుకోవాలి.

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి వైపు జరిగే పొరపాటొకటుంది. థెరపిస్టుది ఒడియా, నాన్నమ్మది తెలుగు. బళ్లో ఒడియా చదివే పిల్లాణ్ని దుబాసీగా కూర్చోబెడతారు. వద్దు. వాడు మాటల్ని మెత్తబరుస్తాడు, పైగా పెద్దల తగువులో ఇరుక్కుంటాడు. తెలుగొచ్చిన బయటి పెద్దవాళ్లెవరైనా నయం.

కొట్టడం, బెదిరించడం ఉందనిపిస్తే మాత్రం ముందు విడివిడిగానే మాట్లాడాలి. అందరి ముందూ అన్న మాటకి ఇంటికెళ్లాక దెబ్బలు పడొచ్చు.