స్లో ఫ్యాషన్ అంటే ఖరీదైన బట్టలు కొనడమేనా?

కాదండీ. తక్కువ కొనడం, ఎక్కువ కాలం వాడటం, చిరిగితే కుట్టించుకోవడం. 2007లో బ్రిటన్‌కి చెందిన ఫ్యాషన్ పరిశోధకురాలు కేట్ ఫ్లెచర్ వాడాక ఈ పేరు ప్రచారంలోకి వచ్చింది.

తిరుపతి పక్కనే ఉన్న శ్రీకాళహస్తి కలంకారీ చూస్తే సంగతి బాగా అర్థమవుతుంది. నూలు గుడ్డని కరక్కాయ కలిపిన పాలలో తడిపి ఎండబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకి పాకదు. చింతబొగ్గుతో బొమ్మ గీసి, వెదురు కలంతో కసిమి దిద్దుతారు. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరితే వచ్చే ద్రవమే కసిమి. గుడ్డలోని కరక్కాయ తగలగానే నల్లబడుతుంది (ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు). తర్వాత పటిక, రంగులు, మధ్యమధ్యలో ఉతుకులు. ఒక్క చీరకే వారాలు పట్టొచ్చు. ఆ ధర ఆ చేతి పనికే. కొనేటప్పుడు, ఒకే బొమ్మ చీరంతా అచ్చుగుద్దినట్టు వస్తుంటే అది స్క్రీన్ ప్రింటే అయ్యుండొచ్చు, అడగండి.

మరి రెండు వందల టాప్ అంత చౌకగా ఎలా వస్తుంది? చాలావరకు పెట్రోలియం నుంచి తీసిన పాలిస్టర్‌తో, చాలీచాలని కూలితో. 2013లో బంగ్లాదేశ్‌లో రాణా ప్లాజా అనే బట్టల ఫ్యాక్టరీల భవనం కూలిపోయి 1,100 మందికి పైగా చనిపోయారు. అక్కడ కుట్టినవి విదేశీ బ్రాండ్ల బట్టలే. ఆ ఘోరాన్ని మనం మర్చిపోకూడదు.

కలంకారీయే కొనక్కర్లేదు. బీరువాలో ఉన్నవే ముందు తీయండి. బిగుతైన జాకెట్‌కి లోపల మడత ఉంటే వీధి చివర టైలర్ విప్పి వదులు చేస్తారు. అమ్మ పాత నూలు చీర పిల్లలకి లంగా అవుతుంది.