ఇంగ్లండ్ పల్లెల్లో ఛారిటీ కోసం తెరిచే ఇంటి తోటలు: అమ్మానాన్నల్ని తీసుకెళ్ళాలంటే ఏం చూసుకోవాలి?

మీరు రాసిన వివరాలు ఇవి: అమ్మకి మోకాళ్ళ నొప్పులు, నాన్నకి షుగర్, ఇద్దరూ గుడ్డు ముట్టరు, పెరటి మొక్కలంటే ప్రాణం, జూన్‌లో మూడు వారాలు ఉంటారు, కారుంది. వాటికి సరిపడేలా చెప్తాను. నెల మంచిదే, గులాబీలు విరగబూసేది అప్పుడే.

ఈ తోటల్ని తెరిపించే సంస్థ పేరు నేషనల్ గార్డెన్ స్కీమ్. దాని వెబ్‌సైటులో పోస్ట్‌కోడ్, తేదీ ఇస్తే దగ్గర్లో తెరిచే తోటలు వస్తాయి. ఏటా మూడు వేలకు పైగానే ఉంటాయి. పుస్తకమే కావాలంటే ప్రతి సంవత్సరం పసుపు అట్టతో ఒకటి వేస్తారు, ఎల్లో బుక్ అని అడిగితే చాలు. స్కాట్లండ్‌లో నడిపేది వేరే సంస్థ, దాని జాబితా విడిగా చూసుకోవాలి. టికెట్టు మనిషికి మామూలుగా 5 నుంచి 8 పౌండ్లు, పిల్లలకి చాలాచోట్ల లేదు. కార్డు తీసుకుంటామని రాసినా పల్లెల్లో సిగ్నల్ ఉండదు, చిల్లర నోట్లు ఉంచుకోండి.

డబ్బు ఎటు పోతుందని నాన్నగారు తప్పకుండా అడుగుతారు. నర్సులకి, క్యాన్సర్ రోగులకి, చివరి దశ రోగుల్ని చూసుకునే హాస్పిస్‌లకి. ఇళ్ళకి వెళ్ళి పేదలకి సేవచేసే నర్సుల కోసం నిధి కావాలంటే తోటలు తెరిపిద్దామన్న ఆలోచన 1926లో ఎల్సీ వాగ్ అనే ఆవిడది. 1927లో తలకి ఒక షిల్లింగు చొప్పున 609 తోటలు తెరిస్తే 8,191 పౌండ్లు వచ్చాయి. పౌండుకి 20 షిల్లింగులు, అంటే లక్షన్నర మందికి పైనే వచ్చిన లెక్క.

ఇక జాబితాలో ఒక్కో తోట పేరు కింద ఉండే నాలుగైదు లైన్లు. ఇబ్బంది పడేవాళ్ళలో ఎక్కువమంది అవి చదవకుండా బయల్దేరినవాళ్ళే. ఓపెన్ డే అంటే ఆ ఒక్క రోజు, ఆ గంటల్లోనే. సాధారణంగా ఆదివారం మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు. మర్నాడు వెళ్తే అది ఎవరిదో ఇల్లు, గేటు వేసి ఉంటుంది. బై అరేంజ్‌మెంట్ అని ఉంటే ముందే రాసి తేదీ ఖాయం చేసుకోవాలి. కనీసం పదిమంది అని ఉంటే మీ ముగ్గురికి కుదరదు. ప్రీ-బుకింగ్ తప్పనిసరి అని ఉంటే గేటు దగ్గర టికెట్టు ఇవ్వరు. వీల్‌చైర్ గుర్తు చూసి తోటంతా చదునుగా ఉంటుందనుకోకండి, తోటలో కొంత భాగానికే అది వర్తించవచ్చు. వివరణలో మెట్లు, వాలు, గ్రావెల్ (దారిలో పరిచే గులకరాళ్ళు) అన్న మాటల కోసం వెతకండి. మోకాళ్ళ నొప్పులకి మెట్లే కాదు, గ్రావెల్ కూడా పెద్ద బాధే. చేతికర్ర దిగబడిపోతుంది, ప్రతి అడుగూ జారుతుంది.

షుగర్ ఉన్నవాళ్ళకి ఇంకో ముఖ్యమైన సంగతి టాయిలెట్. చాలా తోటల్లో సందర్శకులకి ఉండదు. చాలా పల్లె ఇళ్ళకి సెప్టిక్ ట్యాంకే దిక్కు, ఒక్క మధ్యాహ్నం రెండు మూడొందల మంది వస్తే అది తట్టుకోదు. అందుకని దారిలో పెద్ద సూపర్‌మార్కెట్ దగ్గర ఆగి వెళ్ళండి.

నడక, టాయిలెట్, ఈ రెండు కారణాల వల్ల మొదటిసారి ఒంటరి తోటకి కాకుండా ఊరంతా కలిసి తెరిచే రోజుకి వెళ్ళమంటాను. ఒకే టికెట్టు మీద ఆరో ఎనిమిదో ఇళ్ళ తోటలు చూడొచ్చు, చేతికి మ్యాప్ ఇస్తారు. టీ చాలాసార్లు ఊరి హాల్లోనో చర్చిలోనో పెడతారు, ఊరి హాల్లోనైతే టాయిలెట్ ఖాయం. కాళ్ళు అలసిపోకముందే ఎత్తుమీద ఉన్న తోట చూసేసి కిందికి దిగుతూ రండి. ఒక్క సంగతి, ఆ పల్లె సందుల్లో చాలాచోట్ల ఫుట్‌పాత్ ఉండదు.

దారి విషయంలో చివరి మైలు నావిగేషన్‌ని నమ్మకండి. పల్లెల్లో ఒకే పోస్ట్‌కోడ్ కింద చాలా దూరం వరకు ఇళ్ళుంటాయి, ఏదో పొలం గేటు ముందు నిలబెడుతుంది. ఊరి దగ్గరికి రాగానే పసుపు బోర్డుల బాణాలు పట్టుకుని వెళ్ళండి. పార్కింగ్ పొలంలో అయితే, ముందురోజు వాన పడి ఉంటే గేటుకి దగ్గరగా, గట్టి నేల చూసి ఆపండి. చెప్పులు కాకుండా బూట్లు. బయల్దేరే ముందు సైటులో ఆ తోట పేజీ ఇంకోసారి చూడండి, రద్దు చేస్తే అక్కడ పెడతారు.

తెరిచిన పదిహేను నిమిషాలకి చేరితే ఒక చుట్టు తిరిగి 3 లోపే టీకి కూర్చోవచ్చు. 3 తర్వాత పెద్ద క్యూ, 4 దాటితే మంచి కేకులు అయిపోతాయి. విక్టోరియా స్పాంజ్, క్యారెట్ కేకు, అన్నిట్లో గుడ్డుంటుంది. స్కోన్ అనే చిన్న బన్ను పిండిలో లేకపోయినా పైన మెరుపు కోసం తరచుగా గుడ్డు పూస్తారు. ఓట్స్, వెన్న, పాకంతో చేసే ఫ్లాప్‌జాక్, షార్ట్‌బ్రెడ్ మామూలుగా గుడ్డు లేనివే. ఎక్కువగా ఇంట్లో చేసినవే కాబట్టి చేసినావిడ చాలాసార్లు అక్కడే ఉంటారు, అడిగితే చెప్తారు. పులిహోర డబ్బా మాత్రం కారులోనే. పిక్నిక్‌కి అనుమతి ఉందని రాసిన చోట తప్ప లాన్ మీద తెరవకూడదు.

మొక్కలు అమ్మే బల్ల దగ్గరికి రాగానే అమ్మగారు ఆగిపోతారు. మంచివి మొదటి గంటలోనే పోతాయి, కాబట్టి ముందే కొని పక్కన పెట్టమంటే పెడతారు. కుండీ ఎత్తి అడుగు చూడండి. రంధ్రాల్లోంచి తెల్లటి వేళ్ళు ఒకటి రెండు కనిపిస్తే బాగుంది, గోధుమరంగు వేళ్ళు చుట్టచుట్టుకుని ఉంటే వద్దు. మట్టి మీద నాచులాంటి పచ్చటి లివర్‌వర్ట్ దట్టంగా కప్పేసి ఉంటే ఆ మొక్క కుండీలో చాలాకాలంగా నానుతోందని అర్థం. మీ ఇంటి కోసమైతే కొనేముందు ఆ తోట మట్టి ఏమిటని యజమానిని అడగండి. రోడోడెండ్రాన్, కమీలియా ఆమ్ల మట్టిలోనే బతుకుతాయి. మీది సున్నపు నేలైతే ఆకులు పసుపెక్కి మొక్క క్షీణిస్తుంది. ఇంటికి తెచ్చాక కుండీని బకెట్టు నీళ్ళలో ముంచి బుడగలు ఆగేదాకా ఉంచి, ఆ తర్వాతే నాటండి.

కొమ్మ గిల్లుకోవడం, ఎండిన కాయ జేబులో వేసుకోవడం మన పెరళ్ళలో మామూలే గానీ ఇక్కడ దొంగతనంగానే చూస్తారు. అడిగితే ఇచ్చే యజమానులున్నారు. పైగా ఫాక్స్‌గ్లోవ్ లాంటివి మన గన్నేరులా ఒళ్ళంతా విషమే.

ఇచ్చినా అమ్మానాన్నలు ఇండియాకి మాత్రం తీసుకెళ్ళలేరు. భారత్‌లోకి మొక్కలకీ విత్తనాలకీ 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి పర్మిట్టు, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ కావాలి. దానికి బదులు నచ్చిన మొక్క పక్కనుండే పేరు చీటీని ఫోటో తీసుకోమనండి. పియొనీ పూల మీద ఆశ పెట్టుకోవద్దు, దానికి వారాల తరబడి గట్టి చలి పడితేగానీ పూయదు. కాస్మోస్, జినియా విత్తనాలైతే హైదరాబాద్‌లోనే దొరుకుతాయి, అక్టోబరు మొదట్లో చల్లితే సంక్రాంతి లోపే పూస్తాయి.