వాట్సాప్ సర్వేలో సగం మందికి డిప్రెషన్ అంటే నమ్మొచ్చా?

కరోనా రోజుల్లో నెల్లూరు, ఒంగోలు గ్రూపుల్లో తిరిగిన ఫారాలతో తేల్చిన లెక్కలు నమ్మొచ్చా అని అడిగారు. నమ్మొద్దు. ఫారంలో తప్పు లేదు, వాడిన తీరులోనే ఉంది.

ఇలాంటి సర్వేల్లో బాగా వాడేది పీహెచ్‌క్యూ-9 అనే డిప్రెషన్ లక్షణాల ఫారం. గడిచిన రెండు వారాల మీద తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. 10 వచ్చిందంటే డాక్టరు కూర్చోబెట్టి మాట్లాడాలని అర్థం, అంతే.

కందుకూరులో కోవిడ్ తగ్గి పది రోజులైన మనిషిని ఊహించుకోండి. జ్వరం పోయింది, నీరసం పోలేదు. నిద్ర పట్టకపోవడానికి 2, నీరసానికి 3, అన్నం సయించకపోవడానికి 2, దేని మీదా మనసు నిలవకపోవడానికి 2, కదలికలు మందగించినందుకు 1. పది అయిపోయింది! దిగులుకి సున్నా, ఆసక్తి తగ్గడానికి సున్నా. అయినా సర్వేలో ఆయన డిప్రెషన్ కేసే. అందుకే మొత్తం కూడేముందు మొదటి రెండు ప్రశ్నలు, అంటే ఆసక్తి తగ్గడం, దిగులు, విడిగా చూడాలి. కనీసం ఒక దాంట్లో 2 లేకపోతే ఆ మనిషిని డిప్రెషన్ లెక్కలో కలపకూడదు. కోవిడ్ ఎప్పుడొచ్చిందో కూడా రాసుకోవాలి.

లింకు పంపితే ఎవరు నింపుతారు? స్మార్ట్‌ఫోను ఉన్నవాళ్లు, అప్పటికే మనసు బాగోలేనివాళ్లు. కనిగిరి పల్లెలో ముసలమ్మ ఆ లెక్కలోకి రాదు. వెయ్యి మందిలో నిజంగా 50 మందికే జబ్బు ఉందనుకోండి. ఫారం జబ్బున్నవాళ్లలో నూటికి 88 మందిని పట్టినా, లేనివాళ్లలో నూటికి 15 మందిని పొరపాటున పట్టినా, 44కి 142 కలిసి 186 అవుతుంది. 5 శాతం కాస్తా 18 దాటింది.

"పెరిగింది" అనాలంటే మునుపటి లెక్క కావాలి. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే మానసిక జబ్బులన్నీ కలిపి 10.6 శాతం, డిప్రెషన్ ఒక్కటే 2.7 శాతం అంది. అది ఎదురుగా కూర్చుని చేసిన ఇంటర్వ్యూ. అది జరిగిన 12 రాష్ట్రాల్లో మన ఆంధ్ర లేదు. దాని పక్కన వాట్సాప్ ఫారం పెట్టి పోలిస్తే ఎట్లా?

మాట కూడా ముఖ్యం. "కుంగుబాటు ఉందా" అంటే లేదంటారు. "నిద్ర పట్టడం లా, గుండె దడగా ఉంది" అని వాళ్లే చెప్తారు. అత్తగారు పక్కనుంటే కోడలు అన్నిటికీ సున్నానే చెప్తుంది. ఫోన్లో అడిగేటప్పుడు స్పీకరు ఆపించండి.

తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలన్న ఆలోచనల గురించి. పేరూ నంబరూ లేని ఫారంలో అది పెట్టకండి. 1 వచ్చినా ఆ రోజే మాట్లాడాలి. ఇప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 ఉంది. 2022 అక్టోబరులో మొదలైంది, లాక్‌డౌన్ రోజుల్లో లేదు.